పండని మందు

ఏడో తెప్ప, మందు పండించే గది పుస్తకం. బ్యాచ్ 614.

సోమవారం

ఇకమీదట ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదట. కొత్త అధికారి ఇందుశేఖర్ గారి ఆజ్ఞ. వేడి ఎంత, నీళ్ళు ఎన్ని, యంత్రం చెప్పిన లెక్క ఎంత, అంతే. అభిప్రాయాలు వద్దట. మైలపల్లి నూకరత్నం అనే నేను ఇరవై మూడేళ్ళుగా ఈ గదిలో మందు పండిస్తున్నాను. ఆయనకి మీసం మొలవక ముందు నుంచీ ఈ పుస్తకం రాస్తున్నాను. ఇప్పుడూ రాస్తాను. ఏం చేసుకుంటాడో చేసుకోమనండి.

ముందు ఆయనకి కావలసిన అంకెలు. వేడి ముప్పై ఏడు. నీళ్ళు రెండు తొట్లు. పులుపు మూడు గిన్నెలు. యంత్రం లెక్క చుక్కకి నాలుగు వేల కోట్ల మందు పురుగులు.

ఇప్పుడు అభిప్రాయాలు. ఆయన ప్రధాన తెప్ప నుంచి వచ్చి ఎనిమిది రోజులైంది. పడవ దిగిన రోజే నా గది గుమ్మంలో నిలబడి ముక్కు చిట్లించి, "ఇంత మురికిగా ఉంటే ఎలాగండీ, ఇది మందు చేసే చోటు కదా" అన్నాడు. నా గదిని పట్టుకుని మురికి అన్నాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే ఆల్చిప్పలు కాల్చిన సున్నం రెండు బస్తాలు తెప్పించాను. గోడలు, నేల, బల్లలు, ఆఖరికి మందు పండించే తొట్లతో సహా లోపలా బయటా మూడేసి పూతలు పూశాను. నీళ్ళ మీద ఊళ్ళలా కట్టుకున్న ఈ తెప్పల మీద మేం ఏదైనా శుభ్రం చేశామంటే చిప్ప సున్నం వేసినట్టే లెక్క. ఇంటికి వేస్తాం, పడవకి వేస్తాం, రోగి పడుకుని లేచిన మంచానికి వేస్తాం. మర్నాడు ఆయన వచ్చి, తెల్లదనానికి కళ్ళు చికిలించి, "ఇప్పుడు బాగుంది" అన్నాడు. బాగుండక ఏమవుతుంది! మూడో తెప్పకీ తొమ్మిదో తెప్పకీ కూడా కబురు పెట్టాను. దొరగారు మీ దగ్గరికీ వస్తున్నాడు, మీ తొట్లకీ సున్నం కొట్టండి, ఆయన నోరెత్తకుండా ఉంటాడు అని.

అక్కడితో ఆగాడా? మూడు రోజులు పండాల్సిన మందుని ఆరు గంటల్లో దించేయమన్నాడు. తొట్టిలో మందు పురుగుని వదిలేముందు పుల్లనీళ్ళు నాలుక మీద వేసుకుని చూస్తాను నేను, అది అనాగరికం అన్నాడు. దానికి బదులు పులుపు తగిలితే ఎర్రబడే రంగు కాగితాల పెట్టె ఒకటి ఇచ్చాడు. మందు పనిచేస్తుందో లేదో పళ్ళెంలో మడి వేసి చూడటం దండగ అన్నాడు, యంత్రం ఉందిగా అన్నాడు. సరే. నాలుకతో చూడొద్దన్నాడు కాబట్టి చూడటం లేదు. ఆ కాగితాల పెట్టె మాత్రం అటక మీద పడేశాను. నాకు పులుపు తెలియడానికి కాగితాలు కావాలా?

నిన్న మా మరదలు కాసులు, అంటే మా తమ్ముడు వీరేశు పెళ్ళాం, ఆల్చిప్పలు పెంచే తాళ్ళ కింద మునిగి పని చేస్తుండగా అరికాలు తెగింది. ఈ ఉదయానికి కాలు ఉబ్బి, గాయం చుట్టూ నలుపు తిరిగింది. నల్లపుండే. పాతకాలం మాత్రలు దేనికీ పనిచేయడం మానేసి యాభై ఏళ్ళు దాటింది. దీనికి మందు మా పురుగు ఒక్కటే. పేరుకి పురుగు అంటాం గానీ అది వైరస్. పుండులోని బాక్టీరియాలోకి దూరి, లోపల పిల్లల్ని పెట్టి, దాని పొట్ట పగలగొట్టుకుని వస్తుంది. ఈ బ్యాచ్‌లో మొదటి సీసా కాసులుకే ఇచ్చాను.

"వదినా, బుధవారానికి నీళ్ళలోకి దిగొచ్చా?" అని అడిగింది. దానికి ఈ నెల మునిగేవాళ్ళ జట్టుకి పెద్దరికం ఇచ్చారు. ఆ సంబరంలో ఉంది.

"బుధవారం కాపోతే గురువారం దిగుదువుగానిలే" అన్నాను.

మంగళవారం

కాసులుకి జ్వరం తగ్గలేదు. నలుపు వేళ్ళ దాకా వచ్చింది. మూడు సీసాలు పోశాం. మామూలుగా అయితే రెండో సీసాకే పుండు అంచులు ఎర్రబడి, మనిషికి ఆకలి వేయాలి.

డాక్టర్ జెసింత నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, నీ మందు మీద నాకు అనుమానం లేదు. కానీ నలుపు చీలమండ దాటి పైకి పోతే మనిషి దక్కదు. శుక్రవారం పొద్దుటి దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పాదం తీసేయాల్సిందే" అంది.

పాదం! నీళ్ళలో చేపలా తిరిగే మనిషికి పాదం తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?

ఇందుశేఖర్ గారికి చెబితే యంత్రం కాగితం తీసి చూపించాడు. "చుక్కకి నాలుగు వేల కోట్లు ఉన్నాయండీ. మీ తెప్ప చరిత్రలో ఇంత లెక్క ఎప్పుడూ రాలేదు" అన్నాడు, బహుమతి ఇస్తున్నట్టు.

లెక్క ఎవడిక్కావాలి! ఈ పురుగు పుట్టినప్పుడు పచ్చిగా ఉంటుంది. గుండ్రంగా, మందమైన గోడతో, ఒళ్ళంతా ముడతలతో ఉంటుంది. పుల్లనీళ్ళు తగలగానే ఆ గోడలో ఉన్న వందల ముక్కలు ఒక్కసారి కదిలి, తిరిగి, కొత్తగా సర్దుకుంటాయి. నూనెలో పూరీ పొంగినట్టు పొంగుతుంది. ఒళ్ళు పెద్దదై, గోడ పలచబడి, ముడతలు పోయి, మూలలు తేలతాయి. ఆఖర్న ముక్కకీ ముక్కకీ కొక్కెం పడి మొత్తం గొలుసులా బిగుసుకుంటుంది. అప్పుడది పండినట్టు. ఆ తర్వాత వెనక్కి రమ్మన్నా రాదు. అలా బిగిసిన పురుగే బాక్టీరియాని పట్టుకుని లోపలికి దిగగలదు. పచ్చిది పుండులో పోస్తే ఊరికే తేలుతుంది, అంతే. యంత్రం ఏం చేస్తుంది? వెలుగు వేసి తలకాయలు లెక్కపెడుతుంది. దానికి పచ్చిదీ ఒకటే, పండినదీ ఒకటే.

అందుకే ఆయన వద్దన్నా మడి వేశాను. పళ్ళెంలో బాక్టీరియాని మీగడ తరకలా పెంచి, దాని మీద మందు చుక్క వేసి ఉంచాను. పండిన పురుగు ఉంటే మర్నాటికి తరక మీద కన్నాలు పడతాయి. తలుపు గడియ పెట్టుకుని, నా గదిలో నేనే దొంగలా చేశాను ఈ పని. ఎంత ఖర్మ!

బుధవారం

ఒక్క కన్నం లేదు. తరక చెక్కు చెదరలేదు.

పళ్ళెం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి ఎదురుగా పెట్టాను. ఇన్నాళ్ళూ మర్యాదగా 'మీరు' అంటూ వచ్చిన నా నోరు 'నువ్వు'లోకి దిగిపోయింది.

"చూడు, కళ్ళు పెట్టుకుని చూడు! మూడు రోజులు పండాల్సినదాన్ని ఆరు గంటలకి దించేయమన్నావు. పచ్చి సరుకు సీసాల్లో పోయించేవు. మా కాసులు కాలు కుళ్ళిపోతోందయ్యా!"

ఆయన పళ్ళెం తీసుకుని వెలుగుకి ఎత్తి చూశాడు. మొహం పాలిపోయింది, అది నిజం. కానీ మాట మాత్రం నిదానంగానే వచ్చింది.

"ఒక్క నిమిషం వినండి నూకరత్నం గారూ. ప్రధాన తెప్పలో ఆరు గంటలకే పండుతోంది. నేను కళ్ళారా చూశాను. ఇక్కడ పండలేదంటే ఇంకేదో కారణం ఉంది. పులుపు సరిపోయిందా? కాగితంతో చూశారా?"

"ఇరవై మూడేళ్ళుగా మూడు గిన్నెలే పోస్తున్నాను. నాకు పులుపు నేర్పుతావా నువ్వు?"

"పోనీ పెద్దకన్ను పెట్టి చూద్దాం. లోపల ఏ దశలో ఆగిపోయాయో తెలుస్తుంది. సగం రోజు కరెంటు తింటుంది, తిననివ్వండి. ఈ సాయంత్రానికి తేలిపోతుంది."

పెద్దకన్ను అంటే మా తెప్పకి ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. దాన్ని పెడితే చలి గదులు ఆపాలి, చేపలు పాడవుతాయి. అయినా పెట్టొచ్చు. కానీ ఆయన చెప్పాడుగా, నాకెందుకు నచ్చుతుంది!

"ఏం చూడక్కర్లేదు. పచ్చివే. కారణం నీ ఆరు గంటలే. సోమవారం నాడే ఒక చిన్న తొట్టిలో కొంత మందు పోసి, గోనె కప్పి దాచేను. దాన్ని మా పద్ధతిలో మూడు రోజులు ఉంచుతున్నాను. రేపు పొద్దుటికి పండుతుంది. కాసులు లేచి నడిచేక నువ్వే నీ పెట్టె సర్దుకుందువుగాని" అన్నాను.

గదిలోంచి బయటికొచ్చి ఊరుకున్నానా? పడవ పడవకీ తిరిగాను. వల బాగుచేసే వాళ్ళతో చెప్పాను, చిప్పలు ఒలిచే ఆడవాళ్ళతో చెప్పాను. ఈ మనిషి లెక్క కోసం మన ప్రాణాలు తీస్తున్నాడు అని చెప్పాను. వీరేశు పళ్ళు కొరుకుతూ విన్నాడు. సాయంత్రానికి తెప్ప తెప్పంతా ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. వింటుంటే, దాచడం ఎందుకు, నాకు చల్లగా అనిపించింది.

గురువారం

పొద్దున్నే గోనె తీసి, మూడు రోజులు నిండిన మందు సీసాలో పట్టాను. అలవాటు ప్రకారం ఒక చుక్క మడి కూడా వేసి, సీసా తీసుకుని నేనే వెళ్ళాను. దారిలో అందరూ చూస్తుండగా తలెత్తుకుని నడిచాను.

కాసులు కళ్ళు గుంటలు పడ్డాయి. నన్ను చూసి నవ్వబోయింది.

"ఇది అసలైనదా వదినా?"

"మూడ్రోజులు పండింది. నా చేత్తో పండించేను. ఇంక భయం లేదు."

"ఆ అధికారిని ఏం చేసినా పాపం లేదు వదినా. నా కాలు బాగయ్యేక నేనే ఆడ్ని నీళ్ళలోకి తోస్తాను."

"తోద్దువుగాని" అన్నాను.

పొద్దున ఒక సీసా, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి పోశాం. చీకటి పడే వేళకి జెసింత గుడ్డ విప్పి చూపించింది. నలుపు చీలమండ ఎముక దాకా వచ్చేసింది. దాని పైన దారం గీసినట్టు ఎర్రటి చార. జెసింత గుడ్డ మళ్ళీ కట్టేసి, కత్తులు మరగబెట్టమని ఆయాకి చెప్పింది. ఇంకా పొద్దుటి దాకా టైముందిగా అన్నాను.

శుక్రవారం

మడి చూశాను. ఒక్క కన్నం లేదు.

మూడు రోజులు ఉంచినా పండలేదు! తిట్టడానికి నోట్లోకి ఇంకో పేరు రాలేదు. ఇందుశేఖర్ గారి తలుపు కొట్టి, "పెద్దకన్ను పెట్టండి" అన్నాను. ఆయన వెంటనే చలి గదులు ఆపించి, కరెంటు మళ్ళించాడు.

మేం గాజు మీద మందు ఆరబెడుతుండగా జెసింత కాసులు పాదం తీసేసింది. కాసులు అరుపు వినపడలేదు, మత్తు ఇచ్చారు. వీరేశు అరుపు వినపడింది.

తెర మీద బొమ్మ వచ్చింది. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. మందమైన గోడలు, ముడతలు. పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వందల్లో ఒక్కటంటే ఒక్కటి పొంగలేదు, ఒక్కదానికీ మూల తేలలేదు.

"మూడు రోజులు ఉంచినా ఇంతేనా?" అన్నాడు ఇందుశేఖర్ గారు. ఆయన గొంతులో గెలిచిన గర్వం లేదు. "అయితే వీటికి పులుపే తగల్లేదండీ."

నేను గదికి పరిగెత్తాను. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. పులుపు లేదు. చప్పగా, జారుగా, నాలుక కాలేలా ఉంది. సున్నం. తొట్టి గోడని గోటితో గీరాను, తెల్లటి పూత పొరలు పొరలుగా ఊడి వచ్చింది. మూడు పూతలు. నేను పోసిన మూడు గిన్నెల పులుపునీ ఆ సున్నం తాగేసింది.

కొత్త గాజు జాడీలు తీశాను. అటక మీంచి కాగితాల పెట్టె దింపి, సీలు చింపాను. కాగితం ఎర్రబడే దాకా పులుపు పోశాను. అదే బ్యాచ్ పచ్చి పురుగుని అందులో వదిలాను. గంటకోసారి ఆయన తెర మీద చూపిస్తూ వచ్చాడు. రెండో గంటకి అక్కడక్కడా పొంగాయి. నాలుగో గంటకి సగం. ఆరో గంటకి తెర నిండా మూలలు తేలిన పురుగులు, పలచని గోడలతో, బిగువుగా.

ఆరు గంటలు. ఆయన చెప్పిన ఆరు గంటలే. మూడు రోజులన్నది మా పెద్దమ్మ నాకు చెప్పింది, ఆవిడకి ఇంకెవరో చెప్పారు, అంతే. నేను ఎప్పుడూ మధ్యలో తీసి చూసిన పాపాన పోలేదు.

ఆయన మీద కోపం ఇంకా ఉంది. యంత్రాన్ని నమ్మి మడి మాన్పించడం ఆయన తప్పే, అది ఎక్కడైనా నిలబడి చెబుతాను. కానీ బుధవారం నాడు మడి వేసింది నేను. పండలేదని తెలుసుకుంది నేను. ఆయన పెద్దకన్ను పెడదాం, సాయంత్రానికి తేలిపోతుంది అంటే వద్దన్నది నేను. ఆ రోజే చూసి ఉంటే గురువారం తెల్లారేసరికి పండిన మందు చేతిలో ఉండేది. ఆయన్ని ఓడించడానికి గోనె కప్పిన తొట్టి పక్కన కూర్చున్నాను. దాని కాలు కుళ్ళుతుంటే నేను పందెం కాస్తూ కూర్చున్నాను. నా బుద్ధి గడ్డి తింది. ఛీ!

పులుపు ఎందుకు పోయిందో ఆయన అడిగాడు. తెలియదు అన్నాను. అబద్ధం.

శనివారం

పండిన మందు పోశాక కాసులుకి తెల్లవారేసరికి జ్వరం దిగింది. కోసిన చోట చర్మం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. గంజి అడిగి తాగింది. జెసింత నా భుజం తట్టి, "ప్రాణం నిలబెట్టేవక్కా" అంది. ఆ చెయ్యి విదిలించుకున్నాను.

బయట రేవులో వీరేశు, ఇంకో ఇరవై మంది ఇందుశేఖర్ గారి సామాన్లు పడవలోకి విసురుతున్నారు. ఆయన్ని మళ్ళీ ఈ వైపు రానివ్వరట. ఆయన పెట్టె తెరుచుకుని బట్టలు నీళ్ళలో పడ్డాయి, ఎవరూ తీయలేదు. ఆయన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఎందుకు పండలేదో ఆయనకింకా తెలియదు. తెలిసింది నాకొక్కదానికే. నోరు మూసుకుంటే ఆయన వెళ్ళిపోతాడు, తొట్లు కడిగేస్తాను, ఎవరికీ తెలియదు. కానీ మూడో తెప్పలోనూ తొమ్మిదో తెప్పలోనూ నా మాట విని సున్నం కొట్టిన తొట్లున్నాయి. అక్కడ ఈ వేళ ఎవరి కాలు తెగిందో!

ముందు కాసులు దగ్గరికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. మురికి అన్నందుకు పౌరుషానికి పూసిన సున్నం, అటక ఎక్కించిన కాగితాలు, వద్దన్న పెద్దకన్ను, అన్నీ. దుప్పటి కింద పాదం ఉండాల్సిన చోటు చదునుగా ఉంది. అటు చూడకుండా చెప్పడానికి ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

కాసులు మోచేతి మీద లేచి అడిగింది.

"అంటే బుధవారం నాడే తెలిసేదా?"

"తెలిసేది."

"డాక్టరమ్మ శుక్రవారం దాకా ఆగింది కదా?"

"ఆగింది."

"మూడ్రోజులు ఇక్కడ పడుకుని ఆ మనిషిని తిట్టేను వదినా. ఆయన్నీ, ఆయన పెళ్ళాం పిల్లల్నీ కలిపి తిట్టేను. నువ్వు చెప్పేవు కాబట్టి." దుప్పటి పక్కకి లాగేసింది. "నీ పంతం నెగ్గడానికి నా కాలు కావాల్సొచ్చిందా?"

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అది చూసి దానికి ఇంకా ఒళ్ళు మండింది. గంజి తాగిన గ్లాసు తీసి గోడకేసి కొట్టింది.

"ఏడవకు! నా ముందు కూర్చుని నువ్వేడిస్తే నిన్ను నేను ఓదార్చాలా? లే. వెళ్ళి ముందు ఆ పడవ ఆపు. మూడో తెప్పకీ తొమ్మిదో తెప్పకీ ఆయన్నే పంపు, ఆ తొట్లు కడిగించమను. నువ్వు కబురు పెట్టకు. నీ మాట విని మళ్ళీ ఏం పూస్తారో."

లేచాను. గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచింది.

"వదినా. ఆపేక ఇంటికి పోకు. తిన్నగా ఇక్కడికే రా. నేనింకా తిట్టడం మొదలెట్టలేదు."

పడవ ఆపాను. ఇరవై మంది ముందూ చెప్పాను. వీరేశు నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఇందుశేఖర్ గారు నీళ్ళలోంచి తీసుకున్న తడి బట్టల మూటతోనే మూడో తెప్పకి బయల్దేరారు. నేనిప్పుడు కాసులు దగ్గరికి వెళ్తున్నాను.